ఓడినవాడే కుర్చీ ఎక్కాలి

వీడియో గేమ్ పెట్టెలు తయారుచేసే కంపెనీలు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. కానీ వాటి పెద్దలంతా కొత్త పెట్టెను బజారులోకి వదిలే ముందు మా తాతయ్య షాపుకొచ్చి, బెంచీ మీద వరసలో కూర్చుని, గడ్డం గీయించుకుని, ఆయన 'ఊఁ' అంటేనే వదులుతారు. 'ఊహూఁ' అన్నాడంటే పెట్టెను చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోతారు. ఇది నేను కల్పించింది కాదు. మా వీధిలో ఎవరినైనా అడగండి. వాళ్లు కాదంటే మళ్లీ నన్నే అడగండి.

తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ల నాన్న, చేసే పని జుట్టు కత్తిరించడం. బస్టాండు వెనక సందులో, ఇస్త్రీ కొట్టును ఆనుకుని ఆయన షాపు. అందులో కుర్చీ ఒక్కటే. కింద తొక్కితే పైకి లేచే రకం. ఇప్పుడు తొక్కితే మూలుగుతుంది గానీ లేవదు. కుర్చీకి ఎదురుగా గోడంత అద్దం. అద్దం పైన చెక్క మీద టీవీ. కుర్చీ వెనక, చివరి గోడకు ఆనించి, ఒక పొడుగాటి బెంచీ. బెంచీ మీద ఉన్నవాళ్లు టీవీ చూస్తారు. కుర్చీలో ఉన్నవాడు తల ఎత్తకూడదు కాబట్టి, అద్దంలో బెంచీ వాళ్ల మొహాలు చూస్తాడు. ఎవరెక్కడ కూర్చుంటారో ఇప్పుడే చెప్పేశాను, మళ్లీ చెప్పను. చెబితే తాతయ్య 'సాగదీస్తున్నావే' అంటాడు.

నేను పుట్టకముందు ఆ బెంచీ మీద రోజూ గొడవేనట. 'నేను ముందొచ్చానంటే నేను ముందొచ్చాను' అని ఒకళ్ల చొక్కాలు ఒకళ్లు పట్టుకునేవాళ్లు. ఒకసారి ఇద్దరు పెద్దమనుషులు దువ్వెనలతో కొట్టుకున్నారని మా అమ్మ చెబుతుంది. దువ్వెనలతో కొట్టుకుంటే ఏం తగులుతుందో నాకు అర్థం కాదు గానీ, తాతయ్య మాత్రం విసిగిపోయాడు. వీళ్ల చేతులకు ఏదో ఒక పని చెప్పాలనుకుని గేమ్ పెట్టె కొనడానికి బయల్దేరాడు.

అప్పట్లో బజారులో రెండు పెట్టెలు నువ్వా నేనా అని పోటీ పడేవి. కంపెనీల పేర్లకు మా వీధిలో ఎవరి నోరూ తిరగలేదు. ఒకటి నల్ల పెట్టె, ఒకటి తెల్ల పెట్టె, అంతే. ఇప్పటికీ ఆ రెండిళ్ల నుంచి కొత్త కొత్తవి పుట్టుకొస్తూనే ఉన్నాయి, మేమూ అలాగే పిలుస్తున్నాం. వీధి అప్పుడే రెండు ముక్కలైంది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఎదురుపడితే మాట్లాడుకోవడం మానలేదు కానీ, మాట్లాడితే ఇదొక్కటే మాట్లాడేవారట.

దుకాణంలో సేల్స్‌మన్ నల్ల పెట్టె దుమ్ము దులిపి మొదలుపెట్టాడు. "ఇందులో బొమ్మ నిజం మనిషిలా ఉంటుంది సార్. ఆటగాడికి పట్టే చెమట కూడా కనపడుతుంది."

"చెమట నా షాపులో చూడొచ్చులే నాయనా, ఫ్యాను పోయింది," అన్నాడు తాతయ్య. "ఒక్కడు ఓడిపోవడానికి ఎంతసేపు పడుతుందో అది చెప్పు."

"ఎంతసేపంటే... బాగా ఆడితే అసలు ఓడక్కర్లేదు సార్!"

"అలా కుదరదు. ఒక కటింగ్ అయ్యేసరికి ఇక్కడ ఒకడు ఓడి లేవాలి. అలాంటిది ఏ పెట్టెలో ఉంది?"

సేల్స్‌మన్ బుర్ర గోక్కున్నాడు. తాతయ్య ఈలోపు జేబులోంచి పౌడరు డబ్బా తీసి, రెండు చేతులకీ పూసుకుని, జారుతుందేమోనని రెండు జాయ్‌స్టిక్కులనూ పట్టి పట్టి చూశాడట. దుకాణమంతా పౌడరు వాసన. నల్లది చేతిలోంచి జారింది. తెల్లది జారలేదు. తెల్లదాంట్లో ఇద్దరు ఆడే కార్ల పందెం ఉంది, చకచకా అయిపోతుంది. తెల్లదే ఇంటికొచ్చింది. తెలివైన వీధి తాతయ్యను చూసి నవ్వింది.

పెట్టె పెట్టాక గొడవ ఆగలేదు, తిరగబడింది. ఇప్పుడు ఎవడూ బెంచీ మీంచి లేవడు. "మీరు పెద్దవారు, ముందు మీరు కానివ్వండి." "అబ్బెబ్బే, మీకు ఆఫీసుకు ఆలస్యమవుతుంది, మీరే వెళ్లండి." అంత మర్యాద మా వీధి అంతకుముందు ఎరగదు. తాతయ్య చేతిలో గుడ్డ పట్టుకుని ఖాళీ కుర్చీ పక్కన దిష్టిబొమ్మలా నిలబడేవాడు. చివరికి ఒకరోజు గుడ్డ ఫట్‌మని విదిలించి రూలు పెట్టాడు. ఓడినవాడే కుర్చీ ఎక్కాలి. గెలిచినవాడు ఆడుకోవచ్చు.

అందరూ వంతుల వారీగా ఓడితే రూలు బ్రహ్మాండంగా నడిచేది. రైట్‌రైట్ తాత ఓడలేదు. అదీ చిక్కు.

రైట్‌రైట్ తాత బస్సు కండక్టరు. ఉద్యోగమంతా బస్సులోనే తిరిగాడు కానీ స్టీరింగు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆ కసి మొత్తం కార్ల పందెంలో తీర్చుకునేవాడు. వంపు వస్తే కారుతోపాటు తనూ వంగేవాడు, పక్కవాళ్లు బెంచీ చివర నుంచి కింద పడేవాళ్లు. ఎదుటి కారును దాటితే "రైట్ రైట్!" గోడ దగ్గరకొస్తే "హోల్డాన్, హోల్డాన్!" అలా గెలిచి గెలిచి ఆయన జుట్టు కాలరు దాటింది. గడ్డం చొక్కా రెండో బొత్తాం దాటింది. డిపోలో పై ఆఫీసరు పిలిచి, "ఏమయ్యా, ఉద్యోగం వదిలేసి అడవులు పడదామనుకుంటున్నావా?" అన్నాడట.

చివరికి ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, మీకు దణ్ణం పెడతాను. మా ఆయన్ని ఒక్కసారి ఓడించి పంపండి. లోపల మొహం ఎలా ఉండేదో మరిచిపోయాను."

"రూలు రూలేనమ్మా," అన్నాడు తాతయ్య. "అంతగా కావాలంటే నువ్వే ఓడించి తీసుకుపో."

ఆవిడ లోపలికొచ్చింది. బెంచీ మీద జరగమని కూర్చుంది. జాయ్‌స్టిక్ తిరగేసి పట్టుకుంటే పక్క కొట్టు ఇస్త్రీ బాబాయ్ సరిచేసి ఇచ్చాడు. పందెం మొదలైంది. రైట్‌రైట్ తాత దూసుకుపోతున్నాడు. సరిగ్గా పెద్ద వంపు దగ్గర ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "అన్నట్టు, మీ అక్కయ్యా వాళ్లూ రేపు వస్తున్నారు. సెలవులన్నీ మన దగ్గరేనట," అంది.

కారు వెళ్లి గోడను గుద్దుకుంది.

కటింగూ గడ్డమూ అయ్యేంతసేపూ ఆవిడ బెంచీ మీంచి కదల్లేదట. అద్దంలో ఆయన ఆవిడనే చూశాడు. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే ఆయనకూ నవ్వు ఆగలేదు. 'నవ్వకురా, చెవి తెగుద్ది' అని తాతయ్య తిడుతూనే ఉన్నాడట. అక్కయ్య వాళ్లు రాలేదు. అసలు వస్తామని అననే లేదు.

నాకు ఊహ తెలిసేసరికి ఆ తెల్ల పెట్టె పసుపురంగులోకి తిరిగింది. బడి అయ్యాక నేరుగా షాపుకే వచ్చేదాన్ని. బడి లేని రోజున ఇంకా ముందే వచ్చేదాన్ని, నా చదువు అక్కడే తేలిపోయింది. తడి జుట్టు, పౌడరు, వేడెక్కిన పెట్టె, ఈ మూడూ కలిసిన వాసన ఒకటుండేది. ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే కాళ్లు ఆగిపోతాయి. కత్తెర చప్పుడూ పందెం పాటా ఒకే తాళంలో నడిచేవి. కారు వేగం పెరిగితే తాతయ్య చెయ్యి కూడా తెలియకుండా వేగం పెంచేది. హోరాహోరీ పందెం రోజున కటింగ్ చేయించుకున్నవాళ్ల తలలు చూస్తే తెలిసిపోయేది. జాయ్‌స్టిక్ సందుల్లో ఎవరెవరివో వెంట్రుకలు ఇరుక్కుంటే పాత టూత్‌బ్రష్షుతో తీయడం నా పని. ముసలైపోయాక ఆ పెట్టెను తలకిందులుగా పెడితేనే సీడీ తిరిగేది. తర్వాత తలకిందులుగా పెట్టి, పైన పౌడరు డబ్బా బరువు పెడితే తిరిగేది. ఆ తర్వాత ఒకరోజు ఎలా పెట్టినా తిరగలేదు.

ఆ రోజు ఎవరి ఫోను వాళ్లు తీసుకున్నారు, అంతే. తర్వాత తర్వాత ఇంట్లోనే కూర్చుని ఫోను చెయ్యడం మొదలెట్టారు. "కుర్చీ ఖాళీయేనా? అయితే వస్తా." వచ్చి, చేయించుకుని, వెళ్లిపోయేవాళ్లు. రైట్‌రైట్ తాత అప్పటికే రిటైరయ్యాడు, ఆ మధ్యే ఆయన భార్య పోయింది. ఆయన బొత్తిగా రావడం మానేశాడు.

షాపులో ఇప్పుడు మామయ్య కూడా పనిచేస్తాడు. కోర్సు చదివి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి అద్దం పక్కన తగిలించాడు. మంచివాడే. ఒకరోజు ఖాళీ బెంచీ వైపు చూసి అన్నాడు, "నాన్నా, ఇది ఊరికే పడి ఉంది. తీసేసి ఇంకో కుర్చీ వేద్దాం. ఒకేసారి ఇద్దరికి చెయ్యొచ్చు."

"బెంచీ తీసేస్తే వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?"

"కుర్చీలో కూర్చుంటారు. కటింగ్‌కేగా వచ్చేది."

"నా షాపుకి కటింగ్ కోసం ఎవడొస్తాడురా!" అన్నాడు తాతయ్య కోపంగా. నేను కిసుక్కున నవ్వాను. ఆయన నా వైపు చూసిన చూపుకి నేను మంగళవారం దాకా నోరెత్తలేదు.

కానీ ఆయన చెయ్యి బెంచీ చెక్క మీదే ఉండిపోయింది. కూర్చుని కూర్చుని నున్నబడిన చోట రాస్తూ ఉన్నాడు. మామయ్య కూడా అది చూశాడు. చూశాక గొంతు తగ్గించాడు. కొత్త పెట్టె ఒకటి తెద్దాం, బెంచీ నిండితే ఉంచుదాం, నిండకపోతే నెల మొదట్లో వడ్రంగి వచ్చి పట్టుకుపోతాడు. ఒప్పందం అదీ. తాతయ్యకు ఆ షాపులో మిగిలింది ఆ బెంచీయే. అది పోతే ఆయన చేతిలో కత్తెర ఉంటుంది, ఎదురుగా తల ఉంటుంది, అంతే.

ఏ పెట్టె తేవాలన్న దగ్గర మళ్లీ పాత గొడవే. మామయ్య నల్లదన్నాడు. దాని శక్తి గురించి, బొమ్మ నాణ్యం గురించి, ధర తగ్గింపు గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నేను తెల్లదన్నాను. ఎందుకని అడిగితే, మామయ్య నల్లదన్నాడు కాబట్టి అన్నాను.

"రెండూ అరువు తెండి," అన్నాడు తాతయ్య. "ముందు నా దగ్గర ఒక్కో పూట పని చెయ్యాలి. అప్పుడు చూద్దాం ఎవర్ని పెట్టుకోవాలో."

ముందు నల్ల పెట్టె వచ్చింది, మామయ్య స్నేహితుడిది. పెట్టీ పెట్టగానే అప్‌డేట్ అని ఒక గీత పాకడం మొదలెట్టింది. ఇస్త్రీ బాబాయ్ చూసి చూసి, "ఇది ఆడే పెట్టా, మేసే పెట్టా? ఇందాకటి నుంచి మింగుతూనే ఉంది," అన్నాడు. అది మింగడం అయ్యాక ఆట తెరుచుకుంది. అబ్బ, ఏం బొమ్మ! మంచు అడవి, గుర్రం మీద వీరుడు, తప్పిపోయిన తమ్ముడి కోసం వెతుకులాట. బెంచీ నిండింది. గుమ్మం నిండింది. దారిన పోయేవాళ్లు సంచులు కింద పెట్టి మరీ చూస్తున్నారు.

"చూశావా నాన్నా, బెంచీ!" అన్నాడు మామయ్య, గెలిచినట్టు.

తాతయ్య గుడ్డ పట్టుకుని ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. "చూశాను. ఎవరు ఓడారు?"

"ఇందులో ఓడటం ఉండదు నాన్నా. చచ్చిపోయినా మళ్లీ అక్కడి నుంచే లేస్తాడు."

"ఎప్పటికి అయిపోతుంది?"

"నెమ్మదిగా ఆడితే... ఓ నెల."

"అంతదాకా నేనెవరి జుట్టు కత్తిరించాలిరా? ఆ గుర్రానిదా?"

బెంచీ గొల్లుమంది. కానీ ఎవడూ లేవలేదు. గడ్డం కోసం వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన గడ్డంతోనే వెళ్లిపోయాడు. తమ్ముడు దొరికితే ఫోను చెయ్యమని నంబరు ఇచ్చి మరీ వెళ్లాడు.

మామయ్య అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. అందులోనే కార్ల పందెం పెట్టాడు. రెండో జాయ్‌స్టిక్ విడిగా కొనాలి, అది లేదు. "అక్కర్లేదు, నెట్‌లో ఎవరో ఒకరు దొరుకుతారు," అన్నాడు. నన్ను పంపి రైట్‌రైట్ తాతను పిలిపించాడు. ఆయన రానన్నాడు. కార్లు అన్నాను. చెప్పులు వేసుకున్నాడు.

ఆడాడు. వంపు దగ్గర వంగాడు కూడా. ఎవడో, ఎక్కడివాడో, చిటికెలో దాటుకుని పోయాడు. రైట్‌రైట్ తాత జాయ్‌స్టిక్ పక్కనపెట్టి, రూలు ప్రకారం తనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. తాతయ్య మెడకు గుడ్డ కట్టాడు.

అద్దంలోకి చూస్తూ రైట్‌రైట్ తాత అడిగాడు, "ఎవరబ్బాయ్ గెలిచింది?"

"ఏదో పేరుంది. పేరు పక్కన అంకెలు," అన్నాడు మామయ్య.

"ఎక్కడుంటాడు?"

"తెలీదు."

"నవ్వాడా?"

మామయ్య టీవీ వైపు చూశాడు. అక్కడ ఇంకో పందెం మొదలైపోయింది.

"ఓడిపోయినట్టే లేదు బావా," అన్నాడు రైట్‌రైట్ తాత, తాతయ్యతో. "ఊరికే కటింగ్ చేయించుకున్నట్టుంది."

ఆ మాటకు తాతయ్య కత్తెర ఒక్క క్షణం ఆగింది.

మర్నాడు నా వంతు. నా స్నేహితురాలు, ఆసుపత్రిలో నర్సు, డ్యూటీల మధ్య ఆడుకునే తెల్ల పెట్టె తెచ్చాను. మామయ్య అరచేతిలో పెట్టుకుని, "దీనికి పాలసీసా కూడా ఇస్తారా?" అన్నాడు. దాని జాయ్‌స్టిక్ విరిస్తే రెండవుతుంది, చెరో ముక్క పట్టుకుని ఇద్దరు ఆడొచ్చు. నెట్ అడగలేదు, నువ్వెవరని అడగలేదు. బొమ్మ మాత్రం నల్లదాని ముందు వెలవెలబోయింది, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

ఇస్త్రీ బాబాయ్ ఒక ముక్క, రైట్‌రైట్ తాత ఒక ముక్క, పక్కన నేను. "నా బొటనవేలు కింద రెండు బొత్తాలు పడుతున్నాయే పిల్లా," అని ఆయన సణుగుతూనే ఉన్నాడు. పెద్ద వంపు వచ్చింది. ఆయన వంగాడు, మేం ముగ్గురం ఒకళ్ల మీద ఒకళ్లం పడ్డాం. కారు గోడను రాసుకుంది. ఓడిపోయాడు. నిన్న ఓడిన మనిషే, నిన్నటి ఓటమే.

ఆయన లేచాడు. నిన్ననే కత్తిరించిన తల, అయినా వెళ్లి కుర్చీ ఎక్కాడు.

ఇస్త్రీ బాబాయ్ ఊరుకుంటాడా? "ఏం కండక్టర్ గారూ, చివరి స్టాపు వచ్చేసింది, దిగండి దిగండి! చిల్లర రేపు ఇస్తా!"

బెంచీ మొత్తం విరగబడి నవ్వింది. గుడ్డలోంచి తల మాత్రం బయటపెట్టి రైట్‌రైట్ తాత అద్దంలో బాబాయ్ వైపు ఉరిమి చూశాడు. "నవ్వరా నవ్వు. నీ కారుకి పర్మిట్ ఎవడిచ్చాడో రేపు తేలుస్తా. టికెట్ లేకుండా ఎక్కినవాడివి నువ్వు!"

"రేపొస్తారా అసలు?"

"పొద్దున్నే వస్తా. నువ్వు ఇస్త్రీ పెట్టె వెలిగించకముందే వస్తా!"

కత్తిరించడానికి ఆ తల మీద ఏమీ లేదు. తాతయ్య దువ్వెన అటు తిప్పి ఇటు తిప్పి, లేని వెంట్రుకల్ని తీరిగ్గా సరిచేస్తూ, ఆ తిట్లు అయ్యేదాకా కత్తెర ఊరికే ఆడించాడు. అయ్యాక తలకి నూనె పెట్టి మర్దనా చేసి పంపాడు.

"తెల్లది," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"బొమ్మ అంత బాగుండదు నాన్నా," అన్నాడు మామయ్య, ఆఖరి ప్రయత్నంగా.

"టీవీలో బాగుండక్కర్లేదురా. గెలిచినవాడి మొహం అద్దంలో కనపడాలి. నిన్న బావకి కనపడలేదు."

మామయ్య సాయంత్రం తనే వెళ్లి కొనుక్కొచ్చాడు.

నెల మొదట్లో అనుకున్న ప్రకారం వడ్రంగి వచ్చాడు. బెంచీ ఎక్కడ అని అడిగాడు. కనపడదు మరి, దాని మీద మనుషులున్నారు. రైట్‌రైట్ తాత ఒక చివర, ఆ పక్కన బ్యాంకు ఆయన, మధ్యలో ఎవరో కొత్తవాళ్లు, జాయ్‌స్టిక్ లాక్కుంటూ. మామయ్య కాసేపు తల గోక్కుని, "ఆ చివర కాలు ఊగుతోంది, ఓ మేకు కొట్టి వెళ్లు," అన్నాడు. ఎవడూ లేవలేదు. వడ్రంగి నేల మీద పడుకుని, వాళ్ల కాళ్ల మధ్యలోంచే సుత్తి ఆడించాడు. ప్రతి దెబ్బకీ ఎవరిదో ఒకరి కారు గోడను గుద్దుకుంది. ఆ పూట కుర్చీ ఖాళీ లేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక షాపు నిశ్శబ్దమైంది. మామయ్య ఒక్కడే సర్టిఫికెట్ ముందు నిలబడి కొత్త కత్తెర ఆడించి చూసుకుంటున్నాడు. తాతయ్య గుడ్డ దులిపి తీగ మీద వేస్తుంటే నాకు ప్రేమ ముంచుకొచ్చింది. జాయ్‌స్టిక్ విరిచి ఒక ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"తాతయ్యా, ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్లందర్నీ ఆడించావు, నువ్వు ఒక్క ఆటైనా ఆడలేదు. బెంచీ దక్కింది కదా, ఇవాళ నాతో ఒక్క పందెం వేసుకోవూ?"

తాతయ్య ఆ ముక్కని తిప్పి చూశాడు. మామయ్య వైపు చూశాడు. తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

"ఓడితే నాకు కత్తిరించేది వాడు. నాకేం ఖర్మే? లే, చీపురు తీసుకురా."